మావాడు ఏమీ చెయ్యడండీ!

కుక్కను పెంచే ప్రతి ఇంట్లోనూ ఒక గెజిటెడ్ ఆఫీసరు ఉంటారు. ఆ కుక్కకు సత్ప్రవర్తన ధ్రువపత్రం ఇవ్వడం వారి పని. "మావాడు ఏమీ చెయ్యడండీ!" అన్న మూడు ముక్కలే ఆ పత్రం. ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే ఇవ్వరు. కుక్క మన భుజాల మీద రెండు కాళ్ళూ ఆనించి, మన ముఖాన్ని తీరిగ్గా పరిశీలిస్తున్న సమయంలో, ఇరవై గజాల అవతలి నుంచి, చెవి దగ్గరి ఫోను తియ్యకుండానే జారీ చేస్తారు.

ఈ పత్రానికి అనుబంధాలు కూడా ఉన్నాయి. "వాసన చూసి వెళ్ళిపోతాడండీ" అన్నది మొదటిది. "ఆడుకోవడానికి వస్తున్నాడు" రెండోది. అప్పటికీ మనం గోడకు అతుక్కునే ఉంటే, "మీరు భయపడుతున్నారు కాబట్టే వాడు మొరుగుతున్నాడు" అని తప్పు మన ఖాతాలో వేస్తారు. నేను రోజూ భయపడే సంగతులు చాలా ఉన్నాయి. కరెంటు బిల్లుంది, మా ఆవిడ తరఫు బంధువులున్నారు. అవేవీ నన్ను చూసి మొరగవు.

మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిని. నలభై ఫ్లాట్లు, తొమ్మిది కుక్కలు, ఒక లిఫ్టు. ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకరు రాకపోయినా సర్దుకుపోయే జనం, కుక్కల దగ్గరికొచ్చేసరికి రెండు పార్టీలైపోయారు. "అసలు కుక్కల్నే పెంచకూడదని తీర్మానం చేసి పారేయండి సెక్రటరీ గారూ" అని మొదటి పార్టీ. "మనుషులకన్నా కుక్కలే నయం" అని రెండో పార్టీ. ఆ మనుషులెవరో మొదటి పార్టీకి వెంటనే అర్థమైపోతుంది కాబట్టి సమావేశం అక్కడితో ముగుస్తుంది. టీలు మాత్రం నలభై వస్తాయి.

ఒకసారి పట్టుదలగా భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు తెచ్చి అందరి ముందూ చదివాను. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘాలకు లేదట. మెజారిటీ సభ్యులు చేతులెత్తినా చెల్లదట. లిఫ్టు ఎక్కనివ్వం అనడానికీ లేదట. మొదటి పార్టీ వాళ్ళు నన్ను ఫిరాయింపుదారును చూసినట్టు చూశారు. ఇంకో పేజీ తిప్పాను. నలుగురూ తిరిగే చోట కుక్కకు లీష్ తగిలించి తీసుకెళ్ళమనీ, పాడుచేస్తే శుభ్రం చెయ్యమనీ యజమానులకు సలహా ఉంది. ఇప్పుడు రెండో పార్టీ వాళ్ళు చూశారు. ఒకే కాగితం చదివి రెండు పార్టీలకూ శత్రువైన ఘనత తెలుగునాట ఇంకెవరికైనా ఉందేమో తెలీదు.

రెండో పార్టీలో మూడో అంతస్తు మాస్టారొకరున్నారు. తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యారు. ఆయనకో లాబ్రడార్. ముప్ఫై కిలోల పైమాటే ఉంటుంది. దాన్ని ఆయన "మా చిట్టితండ్రి" అంటారు. ఆయనే లేచి, "ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా వెళ్ళిన కుక్కకు లీష్ ఉందా సెక్రటరీ గారూ?" అని అడిగారు. చప్పట్లు పడ్డాయి. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి భారతం తీసి కూర్చున్నాను. ఆ పుస్తకంలో కుక్కలు ఒక్క చివర్లోనే లేవు. మొదట్లోనే ఉన్నాయి, నడుమనా ఉన్నాయి. మాస్టారు చివరి కుక్కను మాత్రమే సాక్ష్యానికి పిలిచారు.

మొదటిది ఆదిపర్వంలో ఉంది. జనమేజయుడు తమ్ముళ్ళతో కలిసి యాగం చేస్తుంటే, సరమ అనే దేవలోకపు కుక్క కన్న పిల్ల అక్కడికి వచ్చింది. తమ్ముళ్ళు దాన్ని కొట్టి తరిమారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. సరమ నేరుగా రాజు దగ్గరికొచ్చి, నా బిడ్డ మీ హవిస్సును ముట్టలేదు, కనీసం దాని వంక చూడనైనా లేదు, ఎందుకు కొట్టారని నిలదీసింది. ఎవరూ జవాబు చెప్పలేదు. అనుకోని భయం మీకు కలుగుగాక అని శపించి పోయింది. మావాడు ఏమీ చెయ్యలేదని మన సాహిత్యంలో మొదట అన్నది ఆవిడే. నిజం చెప్పొద్దూ, ఆవిడ కేసులో న్యాయముంది. అయినా సంగతి గమనించండి. యాగశాలలోకి కుక్కపిల్ల ఒంటరిగా వచ్చింది. పక్కన పెద్దవాళ్ళెవరూ లేరు. దెబ్బలు తిన్నది చివరికి ఆ కుక్కపిల్లే.

రెండో కుక్క కథ ఇంకా దారుణం. పాండవులు వేటకు వెళ్ళారు. వెంట ఒక సేవకుడు, అతని వెంట ఒక కుక్క. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. అడవిలో ఎటో వెళ్ళిపోయి, విలువిద్య సాధన చేసుకుంటున్న ఏకలవ్యుణ్ణి చూసి మొరిగింది. అతను దాని నోట్లోకి ఏడు బాణాలు వేశాడు. కుక్క చావలేదు, నోరు మాత్రం మూతపడింది. అలాగే పాండవుల దగ్గరికి తిరిగొచ్చింది. ఇంత నేర్పరి ఎవరా అని అర్జునుడికి అసూయ పుట్టింది, ద్రోణుడి దాకా వెళ్ళింది, ఏకలవ్యుడి కుడి బొటనవేలు పోయింది. ఆ సేవకుడి చేతిలో ఆరడుగుల తాడొకటి ఉండి ఉంటే ఏకలవ్యుడి వేలు ఏకలవ్యుడికే ఉండేది. కురుక్షేత్రంలో ఏం జరిగి ఉండేదో మాస్టారే చెప్పాలి.

ఇక ధర్మరాజు కుక్క. ఆ దారిలో స్కూటర్లు లేవు, స్కూలు బస్సు లేదు, స్కేటింగ్ చేసే పిల్లల్లేరు. పైగా అది కుక్క కాదు, సాక్షాత్తూ యమధర్మరాజు. ఎవరి కుక్క అయినా యమధర్మరాజని ఋజువైతే లీష్ మినహాయింపు ఇస్తామని తర్వాతి సమావేశంలో ప్రకటించాను. మాస్టారు నవ్వారు కానీ, చిట్టితండ్రి మర్నాడు కూడా మెట్ల మీద నుంచి ఒంటరిగానే దిగాడు.

వేళాకోళానికేం గానీ, ఈ ధ్రువపత్రాలిచ్చేవాళ్ళెవరూ అబద్ధాలాడరు. ఇంట్లో ఆ కుక్క నిజంగానే అంత బుద్ధిగా ఉంటుంది. పాపాయి చెవులు లాగినా ఊరుకుంటుంది. పనమ్మాయి చీపురు కింద నుంచి మర్యాదగా తప్పుకుంటుంది. కాకపోతే వాళ్ళు చూసింది ఇంట్లో కుక్కను. స్కూటరు కింద నుంచి పిల్లి ఉరికినప్పుడు కుక్క ఏమవుతుందో ఆ కుక్కకే తెలియదు. పరిగెత్తేదాన్ని తరమడం దాని రక్తంలో ఉన్న పని. అది పిల్లి కావచ్చు, సైకిలు కావచ్చు, బంతి వెనక పడ్డ ఐదేళ్ళ పిల్లవాడూ కావచ్చు. ముప్ఫై కిలోల ప్రేమ పరుగున వచ్చి మీద పడితే డెబ్బై ఏళ్ళ మామ్మగారి తుంటి ఎముక దాన్ని ప్రేమగా లెక్కవేసుకోదు.

హైదరాబాదులో ఉండేవాళ్ళు మరిచిపోలేని సంగతి ఒకటుంది. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్ళిన యువకుడొకరు, ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ తరిమితే మూడో అంతస్తు నుంచి కిందపడి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అదే ఏడాది మణికొండలో మరో డెలివరీ అతను ఇలాగే పెంపుడు కుక్కకు భయపడి దూకి గాయపడ్డాడు. ఆ కుక్కలకు కరిచే ఉద్దేశం ఉందా లేదా అన్న ప్రశ్నకు అక్కడ అర్థమే లేదు. భయపడ్డ మనిషి కుక్క మనసు చదివి పరిగెత్తడు. ఈ పేరాలో నవ్వడానికేమీ లేదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

మా రెండో అంతస్తు వకీలు గారు సెక్షను లేనిదే కాఫీ కూడా తాగరు. "లీష్ కట్టాలని ఏ చట్టంలో ఉంది?" అన్నారు. దేశమంతటికీ వర్తించే లీష్ చట్టమంటూ మనకు ఒక్కటి లేని మాట వాస్తవం. కుక్కకు కార్పొరేషన్ లైసెన్సు, టీకాలు వంటివి ఏ ఊరి నిబంధనలు ఆ ఊరివి. నోయిడా అథారిటీ అయితే 2022లో, పెంపుడు కుక్క ఎవర్నైనా గాయపరిస్తే యజమానికి పది వేల జరిమానా, పైగా వైద్యం ఖర్చు అని నిర్ణయించింది. దేశం మొత్తానికి ఉన్నది భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గానీ, పెద్ద గాయం గానీ జరిగే అవకాశముంటే, అది జరగకుండా తగినంత జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇదే 289వ సెక్షను, జరిమానా వెయ్యి. 2024 జులై 1 నుంచి ధర పెరిగింది.

"చూశారా, అందులో లీష్ అన్న మాటే లేదు" అన్నారు వకీలు గారు. లేదు, నిజమే. తగినంత జాగ్రత్త అని ఉంది. మూడు నాలుగు వందలకు దొరికే తాడు కన్నా చౌకగా ఆ జాగ్రత్త ఎక్కడైనా అమ్ముతుంటే చెప్పండి, సంఘం తరఫున నలభై ఫ్లాట్లకూ కొంటానన్నాను. ఆయన ఆలోచించి చెబుతానన్నారు. వాయిదా ఇంకా నడుస్తోంది.

మా పై అంతస్తు దంపతులు ఏటా ఆరు నెలలు న్యూజెర్సీలో కూతురి దగ్గర ఉండి వస్తారు. అక్కడ మనవరాలి కుక్కను తిప్పే డ్యూటీ తాతగారిదే. చేతిలో లీష్, జేబులో ప్లాస్టిక్ కవర్లు, మొహాన చిరునవ్వు. ఎదురుగా ఇంకో కుక్క వస్తే ఈయన పక్కకు తప్పుకుని దారిస్తారట. న్యూయార్కులో లీష్ ఆరడుగులు మించకూడదని, పార్కుల్లో కొన్నిచోట్ల పొద్దున తొమ్మిది లోపు, రాత్రి తొమ్మిది తర్వాత మాత్రమే కుక్కల్ని విప్పి వదలవచ్చని ఆయనే నాకు పాఠం చెప్పారు. అమెరికా వాళ్ళ క్రమశిక్షణను గంటసేపు పొగిడారు. ఆ గంటసేపూ ఆయన పొమరేనియన్ మా పార్కింగులో స్వేచ్ఛగా తిరుగుతూ కార్ల టైర్లకు ఒక్కొక్కదానికి అభిషేకం చేస్తోంది. ఆయన క్రమశిక్షణ ఏటా శంషాబాద్ ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర జప్తయిపోతోందని నా అనుమానం.

లీష్ కొన్నవాళ్ళందరూ గట్టెక్కినట్టు కాదు. ఈ మధ్య చుట్టచుట్టుకునే రకం లీష్ ఒకటి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ డబ్బా, అందులోంచి సన్నటి తాడు, కుక్క ఎంత దూరం వెళితే అంత వస్తుంది. ఐదు మీటర్లు, ఎనిమిది మీటర్లు కూడా. మనిషి గేటు దగ్గర, కుక్క జనరేటరు దగ్గర, మధ్యలో మోకాళ్ళకు అడ్డంగా కంటికి కనపడని దారం. పొద్దున్నే చేతులూపుకుంటూ నడిచే సీనియర్ సిటిజన్లు అందులో చిక్కుకుంటే విడదీయడానికి వాచ్‌మెన్ యాదగిరి కావాలి. పరిగెత్తే కుక్క లాగేటప్పుడు ఆ దారాన్ని చేత్తో పట్టుకుంటే వేళ్ళు కోసుకుపోతాయి. మామూలు ఆరడుగుల పట్టీయే మేలు. దాన్నీ అరచేతికి మెలికలు తిప్పి చుట్టుకోకూడదు, ఒక్క గుంజుకు వేలు విరుగుతుంది. కొసనున్న రింగులో బొటనవేలు దూర్చి గుప్పిట మూస్తే చాలు. మెడపట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. అంతకన్నా వదులైతే కుక్క తల వెనక్కి లాక్కుని స్వాతంత్య్రం ప్రకటించుకుంటుంది. పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు అసలే ఊపిరి కష్టం, వాటికి మెడకు బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ నయం.

ఈ దారం లీష్ ప్రతాపం నేను కళ్ళారా చూసింది లిఫ్టు దగ్గర. నాలుగో అంతస్తు కుర్రాడు ఐటీలో పనిచేస్తాడు, చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లే. గ్రౌండ్ ఫ్లోరులో లిఫ్టు తెరుచుకుంది. అతని బీగిల్ అలవాటుగా లోపలికి వెళ్ళి, అద్దంలో తనను చూసుకుంటూ కూర్చుంది. కుర్రాడు బయటే నిలబడి ఎవరికో "యెస్, యెస్" అంటున్నాడు. తలుపులు దగ్గరకొచ్చాయి. మన చెయ్యి అడ్డుపెడితే వెనక్కి తెరుచుకునే ఆ తలుపులకు సన్నటి దారం కనపడలేదు. మూసుకున్నాయి. కుక్క లోపల, మనిషి బయట, మధ్యలో దారం. పైన ఎవరో బటన్ నొక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం. యాదగిరి బీడీ పారేసి ఒక్క అంగలో వచ్చి గోడ మీద బటన్ నొక్కాడు. లిఫ్టు ఇంకా కదల్లేదు కాబట్టి తలుపులు తెరుచుకున్నాయి. బీగిల్ ఇంకా అద్దంలోనే చూసుకుంటోంది. కుర్రాడి మొహం సున్నం కొట్టినట్టయింది. "ఫోన్ల మాట్లాడుడు తర్వాత సార్, ముందుగాల కుక్కను దగ్గరికి పట్టుకోన్రి" అన్నాడు యాదగిరి. మార్గదర్శకాలన్నీ చదివిన నాకు ఆ వాక్యం తట్టలేదు. మర్నాడు దాన్నే అచ్చు వేయించి లిఫ్టు పక్కన అంటించాను. కింద సంతకం మాత్రం కార్యదర్శిది.

ఇంకో వాదం తరచూ వినపడుతుంది. "ముందు వీధికుక్కల సంగతి చూడండి, తర్వాత మా దగ్గరికి రండి." వీధికుక్కల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని 2025 ఆగస్టు 11న ఒక ధర్మాసనం అంటే, ఆపరేషనూ టీకా అయినవాటిని పట్టుకున్న చోటే వదలమని, రేబిస్ సోకినవాటినీ మీదపడేవాటినీ మాత్రం వదలొద్దని అదే నెల 22న మరో ధర్మాసనం సవరించింది. అంత పెద్ద కోర్టుకే తేలిగ్గా తెగని చిక్కును మా అపార్ట్‌మెంట్ సంఘం ఏం తెంపుతుంది? కానీ వీధిలో కుక్కలున్నాయి కాబట్టే మీ కుక్కకు లీష్ కావాలి. మీ బుజ్జిగాడు స్నేహం చేద్దామని వీధి చివరి గుంపు దగ్గరికి వెళితే, వాటి దృష్టిలో అది సరిహద్దు ఉల్లంఘన. బుజ్జిగాడికి పడే కుట్ల బిల్లు కట్టేది మీరే. దీపావళి రాత్రి లక్ష్మీబాంబుకు బెదిరి పారిపోయిన కుక్కల ఫొటోలు మర్నాడు కాలనీ వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరుగుతాయి. లీష్, మెడపట్టీ మీద ఫోను నంబరు రెండూ ఉన్న కుక్క ఫొటో ఆ గ్రూపుల్లోకి ఎక్కే అవసరం చాలా తక్కువ.

"కరవలేదండీ, పన్ను గీసుకుంది అంతే" అన్నది ఇంకో ప్రసిద్ధ వాక్యం. గీసుకున్నా సరే, సబ్బుతో పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఆ రోగం నుంచి బతికి బట్టకట్టడం దాదాపు లేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కాలం పోయింది, ఇప్పుడు టీకా నాలుగైదు విడతలే, అదీ చేతికే. అయినా పదిహేను నిమిషాల నీళ్ళంటే మా ట్యాంకరు లెక్కలో తక్కువ సంగతి కాదు. నీటి పొదుపు కోసమైనా లీష్ తగిలించండి.

లీష్ అంటే జైలు అని కొందరు బాధపడతారు. మరి రోజంతా బాల్కనీ ఊచకు గొలుసుతో కట్టేసి ఆఫీసుకు పోవడాన్ని ఏమంటారు? జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నుంచీ ఉంది. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువు గొలుసుతో గంటల తరబడి కట్టేయడం అందులో నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను సరిగ్గా నడిపించకపోవడమూ నేరమే. మొదటిసారి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై. మా వీధి చివర మిర్చిబజ్జీ ప్లేటు కూడా ఆ ధరకు రాదు. అయినా చట్టం ఉద్దేశం చూడండి. ఇంట్లో గొలుసు వద్దంటోంది, బయట నడక కావాలంటోంది. ఆ నడకలో కుక్క ఒక కొసన, మనిషి రెండో కొసన ఉండాలని నా వాదన. మనిషి కొస సోఫాలో ఉండి, కుక్క కొస పార్కింగులో ఉంటే అది నడక కాదు.

లీష్ పట్టుకున్న యజమాని పక్క నుంచి వెళ్ళేటప్పుడు మా మొదటి పార్టీ వాళ్ళ నడకే వేరు. గోడకు అతుక్కోరు. ఒకరిద్దరైతే ఆగి, "పేరేంటండీ?" అని అడుగుతున్నారు కూడా. ఐదో ఫ్లాటు పిన్నిగారు మొన్న బీగిల్‌కు బిస్కెట్ వేయడం చూశాను. మీటింగులో నిషేధ తీర్మానం ప్రతిపాదించింది ఆవిడే.

మాస్టారు కూడా లీష్ కొన్నారు, ఎర్రది. లాబ్రడార్ లాగినప్పుడు ఆయన ఇంకా ఒక అడుగు ముందుకే పడుతున్నారు, నెమ్మదిగా కుదురుకుంటుంది.

పాఠకులకు నా విన్నపం ఒక్కటే. లీష్‌ను అలమారలో దాచకుండా వీధి తలుపు పక్కన మేకుకు తగిలించుకోండి. తలుపు తీశాక కాదు, తీయకముందే కుక్కకు తొడగండి. లిఫ్టు ఎక్కేటప్పుడు పట్టీ పొట్టిగా పట్టుకుని, కుక్కా మీరూ ఒక్కసారే ఎక్కండి. కాలింగ్ బెల్ మోగితే ముందు కుక్కను లోపలి గదిలో పెట్టి, ఆ తర్వాత తలుపు తీయండి. పార్సిల్ తెచ్చినబ్బాయి ఆ ఒక్క నిమిషం ఆగుతాడు.